జీపు స్టీరింగు వణుకు – నిదానము, చికిత్స
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



 ఇట్టి సభలలో సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయోద్యమ చరిత్రమును గూర్చియు ప్రసంగించుట పరిపాటి. అందులకు నాకంటె అర్హులైనవారు ఈ వేదికపై ఆసీనులై యున్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, “మీకు చేతనైన పనిని గూర్చి మా పాఠకులకు పనికివచ్చునట్లు నాలుగు మాటలు చెప్పుడు” అని కోరిరి. నాకు చేతనైన పని బండ్ల మరమ్మతు. కావున నాలుగు చక్రములకును ఇంజను బలము నందుకొను చిన్న బండ్లలో, అనగా మనము జీపులని పిలుచుకొను వానిలో, స్టీరింగు ఏల వణకును, ఆ వణుకును ఎట్లు కనిపెట్టవలెను, ఎట్లు కుదర్పవలెను అను విషయమును మనవి చేయుదును.

విషయము చిన్నదని తలంపవలదు. ఈ బండ్లను మనము విలాసమునకై వాడుట లేదు. వాననాడు వాగు దాటవలెనన్న అవియే; నెలలు నిండిన ఆడుబిడ్డను ఆసుపత్రికి చేర్పవలెనన్న అవియే; ఎఱువుబస్తాలు, పెండ్లివారు, బడిపిల్లలు, అందఱకును అవియే. అట్టి బండి రోడ్డుమీద పోవుచు పోవుచు ఒక్కసారిగా స్టీరింగును చేతులనుండి లాగివేసినట్లు కొట్టుకొన్నచో, లోపల నున్న పదిమంది ప్రాణములు ఆ క్షణమున చోదకుని మణికట్టులపై నిలిచియుండును. కనుక ఈ వణుకును గూర్చి కొంత తెలిసికొనుట చోదకునకే కాక, బండి యజమానికిని, అందెక్కువారికిని అవసరము.

మొదట బండి స్వరూపమును గూర్చి రెండు మాటలు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున 1941 మొదలు 1945 వఱకు విల్లీస్, ఫోర్డ్ సంస్థలు అమెరికాలో లక్షల సంఖ్యలో తయారుచేసిన సైనిక జీపు ఈ జాతి కంతకును పెద్దతాత. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత బొంబాయిలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను మన దేశమున కూర్చుటకు పూనుకొనెను. 1985లో మారుతి జిప్సీ వచ్చెను. 2023లో అయిదు తలుపుల జిమ్నీ వచ్చెను. రూపములు మాఱినను, వీనియన్నిటియందును ఒక పోలిక కలదు. ముందు చక్రములు రెండును ఒకే గట్టి ఇరుసునకు, అనగా ఏకఖండమైన యాక్సిలునకు, రెండు కొనల నుండును. ఎడ్లబండి ఇరుసువలె అది యొక దూలము. ఒక చక్రము లేచినచో రెండవది ఒరుగును. ఇటీవలి థార్ వంటి బండ్లలో ముందు చక్రములు దేనికదియే విడిగా లేచి దిగునట్లు అమర్చబడినవి. నేను చెప్పబోవునది ప్రధానముగా గట్టి ఇరుసు బండ్లకు వర్తించును.

ఈ భేదమును ఏల చెప్పుచున్నాననగా, ఈ వణుకు చరిత్రమంతయు దీనితో ముడివడి యున్నది. 1920 తరువాతి సంవత్సరములలో మోటారుబండ్లకు మెత్తని లావుపాటి టైర్లును, ముందు చక్రములకు బ్రేకులును వచ్చినవి. వానితోపాటే ఈ వణుకు ప్రబలెను. ఇంగ్లీషున దీనికి షిమ్మీ యని పేరు. ఫ్రాన్సుదేశపు ఇంజనీరు బ్రూలియే 1925లో దీనిని శాస్త్రీయముగా పరిశీలించి వ్యాసము ప్రకటించెను. అమెరికాలో మారిస్ ఆలీ యను ఇంజనీరు, ఆయన తోడివారు సాగించిన కృషి ఫలితముగా జనరల్ మోటార్స్ వారు 1934 నాటి కార్లలో ముందు చక్రములను విడివిడిగా వ్రేలాడదీయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. దానివలన కలిగిన మేళ్లలో ఈ వణుకు తగ్గుట యొకటి. కాని ఱాళ్లలో, బురదలో, గుంతలలో మొరటుగా వాడు బండ్లకు గట్టి ఇరుసే దిట్టమని జీపులలో దానిని నిలుపుకొనిరి. ఆ దిట్టదనమునకు మనము చెల్లించు మూల్యము జాగరూకత.

గట్టి ఇరుసునకును వణుకునకును సంబంధ మేమి? ఇంటికి పోయి ఒక పరీక్ష చేయుడు. సైకిలు ముందు చక్రమును విప్పి, ఇరుసు కొనలను రెండు చేతులతో పట్టుకొని, మఱియొకరిచేత దానిని వడిగా త్రిప్పించుడు. తిరుగుచున్న ఆ చక్రమును ప్రక్కకు ఒరగింపజూడుడు. అది ఒరగుటకు మాఱుగా మీ చేతులలో ఎడమకో కుడికో మెలి తిరుగును. బొంగరము గుణమే చక్రమునకును కలదు. జీపు వేగముగా పోవునపుడు ఒక చక్రము గుంతలో దిగి ఇరుసు ఒరిగినచో, తిరుగుచున్న చక్రములు తమంతట తామే ప్రక్కకు మఱలజూచును. మఱలిన చక్రమును నేల తిరిగి సరిచేయజూచును. ఈ లాగులాటయే వణుకు.

అయినచో ప్రతి జీపును ప్రతి గుంతయందును ఏల వణకదు? ఇచ్చట గ్రహింపవలసిన ముఖ్యవిషయము కలదు. నా ప్రసంగములో ఇది యొక్కటి గుర్తుంచుకొన్నను చాలును. వణుకునకు రెండు వస్తువులు కావలెను: త్రోయునది యొకటి, ఊగనిచ్చునది యొకటి. ఉయ్యాలనూపు పిల్లవానిని చూడుడు. వాని బలము స్వల్పమే. కాని సరియైన సమయమున మఱలమఱల త్రోయుటచే ఉయ్యాల దూలము నంటునంత యెత్తునకు పోవును. అదే పిల్లవాడు నేలలో పాతిన గుంజను ఎంత త్రోసినను ఫలము లేదు. టైర్లును, రిమ్ములును, గుంతలును త్రోయునవి. అరిగిన కీళ్లు, వదులైన బేరింగులు, నలిగిన బుష్షులు ఊగనిచ్చునవి. త్రోయుదానిని మాత్రము తొలగించి, ఊగనిచ్చుదానిని విడిచిపెట్టినచో వణుకు కొన్నాళ్లు దాగియుండి మరల వచ్చును. క్రొత్త టైర్లు వేయించినంతనే పోయి, ఆరు నెలలకు మరల వచ్చిన వణుకులను మీలో చాలమంది ఎఱిగియే యుందురు.

త్రోపుడు ఎంతటిదో లెక్క వేసి చూతము. పాత జీపులకు 16 అంగుళముల రిమ్ముపై 6 అంగుళముల వెడల్పు టైరు ఉండును. దాని చుట్టుకొలత ఇంచుమించు 2.2 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఆ చక్రము సెకనునకు ఏడున్నర సారులు తిరుగును. రిమ్ము అంచున ఒకచోట 50 గ్రాముల బురద ఎండి అంటుకొని యున్నదనుకొనుడు. ఆ వేగమున ఆ 50 గ్రాములు చక్రమును రెండుంబావు కిలోల బరువుతో లాగినట్లు లాగును. ఆ లాగుడు సెకనునకు ఏడున్నర పర్యాయములు చుట్టును మాఱుచుండును. వేగము 80 అయినచో అదియే నాలుగు కిలోలగును. వేగము రెట్టింపయినచో లాగుడు నాలుగింతలగునని సూత్రము. చిటికెడు బురద ఇంత పని చేయుననిన నమ్మశక్యము కాదు. కాని లెక్క అబద్ధమాడదు.

ఇంక నిదానమునకు వత్తము. మన భాషలో నిదానమనగా తొందరలేకుండుట; వైద్యశాస్త్రములో నిదానమనగా రోగకారణమును నిర్ణయించుట. ఈ రెండర్థములును మెకానికునకు ఒక్కటియే కావలెను. వైద్యుడు నాడి చూచుటకు ముందు రోగిని ప్రశ్నించునట్లు, మెకానికు పానా పట్టుటకు ముందు చోదకుని ప్రశ్నింపవలెను. ఏ వేగమున వచ్చుచున్నది? గుంతలో పడిన తరువాతనా, నున్నని రోడ్డునందునా? బ్రేకు వేసినపుడు మాత్రమేనా? ఎన్నాళ్లనుండి? దానికి ముందు బండికి ఏ పని చేయించితిరి? ఈ అయిదు ప్రశ్నలకు సరియైన జవాబులు వచ్చినచో సగము పని అయినట్లే.

నున్నని రోడ్డుపై ఒక నియతమైన వేగమున సన్నని వణుకు ఆరంభమై, ఆ వేగము దాటిన తరువాత తగ్గినచో దోషము తఱచుగా చక్రములయందును టైర్లయందును ఉండును. గుంతనో వంతెన అతుకునో తాకిన వెంటనే స్టీరింగు భయంకరముగా కొట్టుకొని, బండిని బాగుగా నెమ్మదింపజేయువఱకు ఆగనిచో, దోషము కీళ్లలోని వదులునందుండును. బ్రేకు వేసినపుడు మాత్రమే వణకినచో బ్రేకు డ్రమ్మునో డిస్కునో చూడవలెను. వణుకు లేక, బండి దారి తప్పుచు మాటిమాటికి సరిదిద్దవలసివచ్చినచో స్టీరింగు బాక్సునందును, చక్రముల కోణములయందును వెదకవలెను. ముందు ఇరుసునకు బలమిచ్చి మలుపు తిరుగునపుడు మాత్రమే స్టీరింగు చిన్నగా తన్నినచో, అది పాత జీపులలో ఇరుసు కొననున్న కీలు యొక్క సహజగుణము కొంత, అరుగుదల కొంత. దానిని ఈ వణుకుతో కలిపి చూడరాదు.

పరీక్ష ఎల్లప్పుడును ఖర్చులేని దానితో నారంభింపవలెను. టైర్లలో గాలి కొలుచుడు. ముందు రెండింటియందును సమానముగా ఉండవలెను. రిమ్ముల లోపలివైపు బురదను గీకి కడుగుడు. చక్రపు నట్లను ఎదురెదురు వరుసలో బిగించుడు. తరువాత ముందు భాగమును జాకీతో నెత్తి, వెనుక చక్రములకు ఱాళ్లు అడ్డుపెట్టి, ఇరుసు క్రింద దిట్టమైన స్టాండు నుంచుడు. జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రిందికి పోరాదు. చక్రమును చేతితో త్రిప్పుచు, కదలని ఆధారముపై ఒక సుద్దముక్కను రిమ్మున కానునంత దగ్గరగా పట్టినచో, రిమ్ము వంకర యున్నచోట సుద్ద గీత పడును. టైరుపై ఉబ్బుగాని, అంచులందు గుంటలు గుంటలుగా అరుగుదలగాని ఉన్నదేమో చూడుడు. అట్టి అరుగుదల వణుకువలన పుట్టి, తిరిగి వణుకునే పుట్టించును. చివరకు ముందు చక్రములను వెనుకకు, వెనుకవానిని ముందుకు మార్చి నడిపి చూడుడు. స్టీరింగు వణుకు తగ్గి, వెనుక కూర్చున్నవారికి అదురు తెలిసినచో దొంగ దొరకినట్లే. బ్యాలెన్సు యంత్రమున్న దుకాణములో చక్రములకు సీసపు తూనికలు వేయించుడు.

చక్రములు నిర్దోషములని తేలిన తరువాత కీళ్లను పరీక్షింపవలెను. ఎత్తియున్న చక్రమును పైనను క్రిందను పట్టుకొని లోపలికి బయటికి ఆడించుడు. ఆట తెలిసినచో ఒకనిచేత బ్రేకు నొక్కించి మరల ఆడించుడు. బ్రేకు నొక్కగనే ఆట మాయమైనచో హబ్బు బేరింగు వదులైనదని అర్థము. బ్రేకు నొక్కినను ఆట నిలిచియున్నచో కింగుపిన్ను బేరింగులు వదులైనవని అర్థము. ఈ చిన్న ఉపాయము తెలియక, ఒకదానికి బదులు మఱియొకదానిని మార్చి, కూలియు సామానుల ఖరీదును నష్టపోవువారెందఱో కలరు. పిదప చక్రమును ఎడమ కుడి వైపుల పట్టుకొని ఆడించుడు. ఇచ్చట తెలియు ఆట టై రాడ్డు కొనలది కావచ్చును.

దీనికంటె మంచి పరీక్ష మఱియొకటి కలదు. బండిని నేలకు దింపి, ఒకనిని స్టీరింగు వద్ద కూర్చుండబెట్టి, చక్రములు తిరుగీ తిరుగని యంత మేరకు ఎడమకు కుడికి ఆడింపుమనుడు. రెండవవాడు క్రింద పరుండి ఒక్కొక్క కీలుపై చేయి వేయవలెను. స్టీరింగు బాక్సు చాసిస్‌నకు బిగిసియున్నదా? డ్రాగు లింకు కొనలు రెండును కలిసి కదలుచున్నవా, లేక ఒకటి కదలిన తరువాత రెండవది కదలుచున్నదా? పాత జీపులలో మధ్యనున్న బెల్ క్రాంకు తన పిన్నుపై ఊగుచున్నదా? జిమ్నీ వంటి బండ్లలో ఇరుసును ప్రక్కకు జరుగకుండ పట్టియుంచు అడ్డు రాడ్డు బుష్షులు మెదలుచున్నవా? కంటికి కనబడని ఆట వ్రేలికి తెలియును. ఒక్కొక్క కీలునందు నూలు వాసి ఆట యున్నను, అయిదు కీళ్లలోని ఆటయు చేరి చక్రము వద్ద కంటికి కనబడునంత యగును. అందుచేతనే, ఒక్కొక్క కీలును విడిగా చూచి “ఇది ఫరవాలేదు” అని అయిదు మారులు చెప్పిన మెకానికు మొత్తమునకు పొరపడును.

ఈ జాతి బండ్లలో తఱచుగా అశ్రద్ధకు గురియగునది కింగుపిన్ను. చక్రము కుడియెడమలకు తిరుగుటకు పైన నొకటి, క్రింద నొకటి చిన్న బేరింగులుండును. వానిపైని మూతల క్రింద పలుచని రేకు షిమ్ములుండును. ఈ బేరింగులు వదులుగా నుండరాదు. కొంత బిగువుతో ఒత్తుకొని యుండవలెను. ఆ బిగువే వణుకును పుట్టుచోటనే అదుపులో నుంచును. సంవత్సరములు గడచిన కొలది బేరింగులరిగి బిగువు పోవును. ఆట తెలియకున్నను బిగువు పోయియుండవచ్చును. వణుకు మెకానికులను మోసగించునది ఇచ్చటనే. దీనిని కొలుచుటకు టై రాడ్డును విప్పి, స్టీరింగు చేతికి స్ప్రింగు త్రాసు కొక్కెము తగిలించి మెల్లగా లాగవలెను. చేయి కదలుటకు ఎంత లాగుడు కావలెనో, నూనె సీలు ఉంచి కొలువవలెనో తీసి కొలువవలెనో, ప్రతి బండికిని నిర్మాతల మరమ్మతు పుస్తకమున వ్రాయబడియుండును. లాగుడు తక్కువైనచో షిమ్ములను తీసి బిగువు పెంపవలెను. విల్లీస్ జాతి జీపులలో పైనను క్రిందను సమానముగా తీయుట ముఖ్యము. లేనిచో లోపలి ఇరుసు నడుమనుండి తొలగును. బేరింగు గిన్నెలో గుంటలు పడియున్నచో షిమ్ములతో ప్రయోజనము లేదు, బేరింగునే మార్పవలెను. అతిగా బిగించుటయు దోషమే. మలుపు తిరిగిన తరువాత స్టీరింగు తనంతట తిరిగి రాకుండుట అతి బిగువునకు గుర్తు.

పిదప కమానుకట్టలను చూడవలెను. యు బోల్టులు వదులైనను, షాకిలు బుష్షులు నలిగినను ఇరుసే స్థానము తప్పి ఆడును. అప్పుడు కీళ్లెంత మంచివైనను ఫలము లేదు. పునాది కదలిన ఇంటికి తలుపులు సరిచేసినట్లగును.

తరువాత కోణములు. సైకిలు ముందు ఫోర్కు వెనుకకు వాలియుండుట మీరందఱు చూచినదే. ఆ వాలువలననే చేతులు వదలినను చక్రము తిన్నగా పోవజూచును. జీపు కింగుపిన్నునకును అట్టి వాలు కలదు; దానిని క్యాస్టరు అందురు. విల్లీస్ జాతి జీపులలో అది 3 డిగ్రీలు. బండి ఠీవిగా కనబడవలెనని ఎత్తు పెంచు మార్పులు చేయించునపుడు ఈ వాలు మాఱిపోవును. జిమ్నీ వంటి అమరిక గల బండ్లలో ఎత్తు పెరిగినకొలది వాలు తగ్గును. అంతకుముందు లేని వణుకు ఎత్తు పెంచిన వారమునకే వచ్చినదన్న, కారణమునకై దూరము పోనక్కరలేదు. పెద్ద టైర్లు వేయుటయు ఇట్టిదే. బరువైన చక్రము బలమైన బొంగరము. దాని త్రోపుడును పెద్దదే.

రెండవ కొలత చక్రముల ముందు మూతి. ముందు చక్రములు పైనుండి చూచిన యెడల ముందువైపున కొంచెము దగ్గరగా నుండవలెను. ఆ జీపులలోనే ఈ తేడా అంగుళములో అఱువది నాలుగవ వంతులు మూడు మొదలు ఆరు వఱకు, అనగా ఇంచుమించు 1.2 మొదలు 2.4 మిల్లీమీటర్లు. యంత్రము లేని ఊరిలో దీని నిట్లు కొలువవచ్చును. చక్రములనెత్తి త్రిప్పుచు, కదలకుండ పట్టిన మేకుతో రెండు టైర్లపైని చుట్టును సన్నని గీత గీయుడు. బండిని దింపి, కొంతదూరము ముందుకు నెట్టి ఆపుడు. ఇరుసు ఎత్తున ముందువైపు గీతల నడిమి దూరమును, వెనుకవైపు గీతల నడిమి దూరమును టేపుతో కొలుచుడు. వెనుక దూరమునుండి ముందు దూరమును తీసివేయగా వచ్చునదే కావలసిన తేడా. కాని కీళ్లలో ఆట ఉండగా ఈ కొలత తీయుట, ఊగుచున్న త్రాసులో బంగారము తూచుట వంటిది. కీళ్లు ముందు, కొలత తరువాత.

చిట్టచివరకు డ్యాంపరు సంగతి. స్టీరింగునకు అడ్డముగా బిగించు చిన్న నూనె గొట్టమునకు స్టీరింగు డ్యాంపరని పేరు. గుంతలలో చేతికి తగులు దెబ్బలను అది మ్రింగును, మంచి వస్తువే. నిర్మాతలు కొన్ని బండ్లకు దానిని తామే బిగించియున్నారు. అది చెడిపోయినపుడు మార్పవలసినదే. కాని దానిని వణుకునకు మందుగా వాడుట జ్వరమునకు కారణ మరయక తడిబట్ట వేసి ఊరకుండుట వంటిది. మన ప్రాంతపు రైతు నొకనిని ఉదాహరింతును. ఆయన జీపు గుంత తాకినచో వణకుచుండెను. ఒక మరమ్మతు దుకాణమున డ్యాంపరు బిగించి పంపిరి. వణుకు పోయినదని ఆయన సంతసించెను. మూడు నెలలకు అది మరల వచ్చెను. ఈ మారు మునుపటికంటె భయంకరముగ. విప్పి చూడగా బెల్ క్రాంకు పిన్ను సగము అరిగియుండెను. కింగుపిన్ను బేరింగులలో బిగువన్నది లేదు. టై రాడ్డు కొన ఒకటి గిన్నెనుండి ఊడివచ్చు స్థితిలో నుండెను. డ్యాంపరు చేసిన పని యేమనగా, ఈ మూడింటిని గూర్చి బండి పెట్టుచుండిన కేకను మూడు నెలలు వినబడకుండ చేసినది. ఆ మూడు నెలలును ఆయన కుటుంబమంతయు ఆ బండిలోనే తిరిగెను. ఆ టై రాడ్డు కొన రోడ్డుమీద ఊడియున్నచో స్టీరింగు ఉండియు లేనట్లే గదా! వణుకు శత్రువు కాదు. అది ముందుగా వచ్చి చెప్పు హితుడు. హితుని నోరు మూయింపరాదు.

కావున వరుస తప్పవలదు: గాలి, బురద, నట్లు, టైర్లు, రిమ్ములు, తూనిక, హబ్బు బేరింగులు, రాడ్డు కొనలు, బెల్ క్రాంకు, స్టీరింగు బాక్సు, కింగుపిన్ను బిగువు, కమానుకట్టలు, బుష్షులు, కోణములు, అన్నిటికిని తరువాత డ్యాంపరు. ఒక్కొక్క పని చేసిన పిదప బండిని నడిపి చూడవలెను. నాలుగు పనులు ఒక్కమారు చేసినచో ఏది కుదిర్చినదో తెలియదు. తెలియనిచో మఱుసటి మారు మరల నాలుగు పనులకును డబ్బు చెల్లింపవలెను. విప్పిన ప్రతి కీలునకును క్రొత్త చీలపిన్ను వేయవలెను. పాతదానిని వంచి మరల వాడరాదు. పరీక్షకు జనసమ్మర్దము లేని రోడ్డున తక్కువ వేగమున మొదలుపెట్టి, క్రమముగా పెంచవలెను. కొన్ని వందల కిలోమీటర్లు నడచిన తరువాత నట్లన్నియు మరల చూచుకొనవలెను.

ఇంత చేసినను ఎన్నడైన దారిలో వణుకు వచ్చినచో చోదకుడేమి చేయవలెను? బెదరి బ్రేకును తటాలున త్రొక్కరాదు. స్టీరింగుతో కుస్తీ పట్టరాదు. దానిని రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, బొటనవ్రేళ్లను చువ్వల మధ్యకు పోనీయక, యాక్సిలరేటరు వదలి, వేగము తగ్గుచుండగా మెల్లగా బ్రేకు నొక్కుచు, రోడ్డు ఎడమ అంచున ఆపవలెను. ఆపిన తరువాత, “తగ్గినది గదా” యని ప్రయాణికులతో మరల బయలుదేరరాదు. చక్రపు నట్లు, టైర్లు, టై రాడ్డు కొనలు చూచి, అనుమానమున్నచో వారిని వేఱొక బండిలో పంపవలెను.

ఒక్క మనవి చేసి విరమింతును. నేను చెప్పిన ఈ కొలతలును, క్రమమును నేను కల్పించినవి కావు. నిర్మాతలు తమ మరమ్మతు పుస్తకములలో ఇట్టివి వ్రాసియుంచిరి. ఆ పుస్తకము లింగ్లీషున నుండుటచే, చేతిలో మంచి పనితనము కలిగియు మన మెకానికులు వానిని చదువజాలకున్నారు. చేతిపని యున్నచోట పుస్తకము లేదు. పుస్తకమున్నచోట చేతిపని లేదు. ఈ రెండింటికి నడుమ వంతెన వేయగల సంస్థ గ్రంథాలయముకంటె వేఱొకటి యేమి కలదు? మన ఊరిలో తిరుగు బండ్ల, పంపుసెట్ల, ట్రాక్టర్ల మరమ్మతు పుస్తకములను ఈ గ్రంథాలయము సేకరింపవలెను. ఇంగ్లీషు చదివిన మన పిల్లలు అందలి కొలతలను తెలుగున వ్రాసి ఒక పుస్తకముగా కుట్టి ఈ బల్లపై నుంచవలెను. అందులోనే మన చోదకులును, మెకానికులును తమ బండికి వచ్చిన రోగమేమి, చేసిన పరీక్ష యేమి, కుదిరిన మందేమి అని తేదీతో వ్రాయుచు పోవలెను. ఒక్కొక్క మెకానికు తన అనుభవమును తనతోనే తీసికొనిపోవు దుస్థితి అప్పుడు తొలగును. దానికి పెద్ద ఖర్చులేదు. ఒక లావుపాటి నోటుపుస్తకము చాలును. ఆ పుస్తకమునకు మొదటి పుటగా ఈ ప్రసంగపాఠమును సమర్పించుచున్నాను.